రెండు సీసీల లెక్క

రేడియేషన్ చికిత్సను మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారు. నిజానికి అందులో షాకు ఏమీ ఉండదు, యంత్రం కింద పడుకున్నంతసేపూ ఒంటికి ఏమీ తెలియదు. అయినా ఆ పేరు పెట్టినవాళ్లు అమాయకులేం కాదు. కంటికి కనిపించదు, పని చేస్తుంది, తగలకూడనిచోట తగిలితే కాలుస్తుంది. ఈ మూడు సంగతులూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరాక ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్లకు ప్రధాన వైద్యం ఈ కరెంటే. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది, 80,000 మంది దాకా చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లలో కొందరు ఏడాదికో రెండేళ్లకో మలంలో రక్తం చూసుకుని హడలిపోతారు. కొందరు మూత్రం ఆపుకోలేక బస్సెక్కడమే మానేస్తారు. అలాంటి బాధ ఎవరికి రావచ్చో స్కాన్ చూసి ముందుగానే చెప్పగలమా అన్నది క్యాన్సర్ వైద్యంలో ఇప్పుడు గట్టిగా నలుగుతున్న ప్రశ్న. చాలావరకు చెప్పవచ్చు. కంప్యూటర్ జాతకం చెప్పినట్టు చెప్పేస్తుందన్న వార్తలను కాసేపు పక్కన పెడితే, ఇవాళ నమ్మదగ్గ అంచనా ఒక సాదాసీదా కొలత మీద నిలబడి ఉంది. చికిత్స ప్లాను మార్చడానికి ఇంకా వీలున్న రోజున ఆ కొలత చేతికి వస్తేనే దానికి విలువ. మన ఆసుపత్రులు ముందు పట్టుకోవలసింది దాన్నే అని నా వాదన.

బొడ్డు కింద శరీరంలో చోటు బహు ఇరుకు. గర్భాశయ ముఖద్వారానికి ముందు మూత్రాశయం, వెనక మలాశయం, పైన అటూ ఇటూ జారుతూ తిరిగే చిన్నపేగు, చుట్టూ కటి ఎముకలు. వీటి మధ్య ఎడం మిల్లీమీటర్లలో ఉంటుంది. చికిత్స రెండు అంచెలుగా సాగుతుంది. మొదట బయటి నుంచి, వారానికి ఐదు రోజుల చొప్పున ఇంచుమించు 25 సిట్టింగులు. కణజాలం పీల్చుకున్న రేడియేషన్‌ను గ్రేలలో కొలుస్తారు, ఈ 25 సిట్టింగుల్లో 45 గ్రేల వరకు ఇస్తారు. దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తారు. ఆ తర్వాతది బ్రాకీథెరపీ, అంటే లోపల పెట్టే రేడియేషన్. మత్తు ఇచ్చి గర్భసంచిలోకి ఒక సన్నని గొట్టం, ముఖద్వారానికి రెండు పక్కలా మరో రెండు గొట్టాలు అమరుస్తారు. తీగ చివర అతికించిన, బియ్యపుగింజకన్నా చిన్నదైన ఇరిడియం ముక్క ఆ గొట్టాల్లో ఒక్కోచోట కొన్ని సెకన్లు ఆగుతూ తిరిగి బయటికి వచ్చేస్తుంది. ఈ పద్ధతి బలమంతా దూరంలో ఉంది. అంత చిన్న ముక్క నుంచి దూరం రెండింతలయితే మోతాదు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కణితికి దండిగా, పక్కవాటికి కొద్దిగా ఇవ్వగలగడం అందువల్లే. అదే కారణంగా, మలాశయం గోడ నాలుగైదు మిల్లీమీటర్లు దగ్గరికి జరిగినా అది మోయాల్సిన భారం ఎక్కడికో పోతుంది. కాబట్టి ఆ గోడ ఆ రోజు, ఆ గంటలో ఎక్కడుందో తెలియాలి. అది తెలిపేది స్కానే.

ఈ వైద్యం తాలూకు బాధలు రెండు రకాలు. సిట్టింగులు నడుస్తుండగానే వచ్చే విరేచనాలు, మూత్రంలో మంట, నీరసం, రక్తకణాలు పడిపోవడం మొదటి రకం. ఇవి మందులతో చాలావరకు సర్దుకుంటాయి. రెండో రకం ఆలస్యంగా వస్తుంది. రేడియేషన్ తగిలిన చోట సన్నని రక్తనాళాలు మూసుకుపోతూ, కణజాలం బిరుసెక్కుతూ నెలలు, ఏళ్లు గడుస్తాయి. తర్వాత ఎప్పుడో రక్తస్రావం మొదలవుతుంది, మూత్రాశయం కుంచించుకుపోతుంది, పేగు సన్నబడుతుంది. అరుదుగా మలాశయానికీ యోనికీ మధ్య, లేదా మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడుతుంది. దాన్నే ఫిస్టులా అంటారు. ఎంతమందికి? ఎంఆర్ఐ ఆధారంగా బ్రాకీథెరపీ చేసి ఫలితాలు గమనించిన ఎంబ్రేస్ అధ్యయనంలో 1,341 మంది వివరాలను విశ్లేషించారు. 24 ఆసుపత్రులు పాల్గొన్న ఆ అధ్యయనంలో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి కూడా ఉంది. అయిదేళ్లలో తీవ్రమైన మూత్ర సంబంధ సమస్యలు 6.8 శాతం మందికి, పేగుల సమస్యలు 8.5 శాతం మందికి, యోని సమస్యలు 5.7 శాతం మందికి వచ్చాయి. ఫిస్టులా 3.2 శాతం మందికి. ఇవన్నీ మంచి పరికరాలు, చెయ్యి తిరిగిన డాక్టర్లు ఉన్నచోట వచ్చిన అంకెలని గుర్తుంచుకోవాలి.

ఎక్స్‌రే తప్ప మరో దారి లేని కాలంలో డాక్టర్లు ఏం చేసేవారో చూస్తే స్కాన్ తెచ్చిన మార్పు అర్థమవుతుంది. 1938లో మాంచెస్టర్ వైద్యులు కణితి ఎంత పెద్దదో, ఏ ఆకారంలో ఉందో చూసే వీలు లేక, గొట్టాల నుంచి ఇంత ఎత్తున, ఇంత పక్కకు అని 'పాయింట్ ఏ' అనే ఒక ఊహాబిందువును నిర్ణయించారు. ఆ బిందువుకు ఎంత మోతాదు అందిందో లెక్కగట్టి ప్రపంచమంతా దశాబ్దాల పాటు చికిత్స నడిపింది. మూత్రాశయానికి ఎంత తగిలిందో తెలుసుకోవడానికి 1985లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది. మూత్రం గొట్టం చివర ఉండే బుడగలో ఎక్స్‌రేకు కనిపించే ద్రవం 7 సీసీలు నింపాలి, ఫిల్ములో ఆ బుడగ వెనక అంచున ఒక చుక్క పెట్టాలి, ఆ చుక్క దగ్గర మోతాదు లెక్కగట్టాలి. ఉన్న సాధనాలతో అంతకన్నా తెలివైన పని ఎవరూ చేయలేరు. కానీ మూత్రాశయం సంచిలాంటిది, చుక్క కాదు. ఎక్కువ మోతాదు తగిలే చోటు చాలాసార్లు ఆ చుక్కకు పైన ఉండేది, లెక్కలోకే వచ్చేది కాదు. ఇద్దరు ఆడవాళ్లకు కాగితం మీద ఒకే అంకె పడేది, ఒకరికి రక్తం పడేది, ఇంకొకరికి ఏమీ అయ్యేది కాదు. 'శరీర తత్వం' అని సరిపెట్టుకునేవారు.

2005, 2006 సంవత్సరాల్లో యూరప్ రేడియేషన్ వైద్యుల సంఘం చేసిన సిఫారసులతో ఈ పద్ధతి మారింది. గొట్టాలు అమర్చాక రోగిని ఎంఆర్ఐలోకి పంపుతారు. వచ్చిన చిత్రంలో ఒక్కో పొర మీద కణితి చుట్టూ ఒక గీత, మూత్రాశయం చుట్టూ ఒకటి, మలాశయం చుట్టూ ఒకటి, పెద్దపేగు చివరి వంపు చుట్టూ ఇంకొకటి డాక్టరు తెర మీద గీస్తారు. అలా పదుల పొరలు గీశాక కంప్యూటర్ వాటిని పేర్చి, ప్రతి అవయవంలో ఎంత భాగానికి ఎంత మోతాదు అందబోతోందో చెబుతుంది. ఇంకా రేడియేషన్ మొదలుకాలేదు, ఇరిడియం ముక్క దాని పెట్టెలోనే ఉంది. ఇప్పుడు డాక్టరు కళ్లు వెతికే అంకె ఒకటి: ఆ అవయవం గోడలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినబోయే రెండు సీసీల భాగానికి కనీసం ఎంత అందుతుంది? రెండు సీసీలంటే టీ చెంచాలో సగానికి కాస్త తక్కువ. మలాశయం మొత్తం మీద సగటు చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే పుండు సగటున పడదు. గోడలో ఒక్కచోట, ముఖద్వారానికి ఎదురుగా ఉన్న ముందు భాగంలో పడుతుంది.

ఆ రెండు సీసీల అంకెకు జోస్యం చెప్పే శక్తి ఉందా అంటే, ఉంది. ఎంబ్రేస్‌లో 960 మంది వివరాలతో మలాశయం సంగతి విడిగా పరిశీలించారు. బయటి, లోపలి రేడియేషన్ రెండూ కలిపి ఒకే కొలమానంలోకి మార్చి చూస్తే, ఆ రెండు సీసీలకు 65 గ్రేలు మించనివాళ్లలో బాధలు తక్కువగా, తేలికగా ఉన్నాయి. 75 గ్రేలు, ఆపైన అందినవాళ్లలో మూడేళ్లలో ఫిస్టులా ముప్పు 12.5 శాతం. అంతకన్నా తక్కువ అందినవాళ్లలో 2.7 శాతం లోపే. పది గ్రేల తేడాలో ఒక మనిషి తక్కిన బతుకంతా ఎలా ఉండబోతోందో ఉంది. ఆ పది గ్రేలను తప్పించడానికి మార్గాలు అప్పటికింకా డాక్టరు చేతిలోనే ఉంటాయి. ఇరిడియం ముక్క ఒకచోట ఆగే సమయాన్ని రెండు మూడు సెకన్లు తగ్గించవచ్చు. యోనిలో గాజుగుడ్డ మరికాస్త కూరి మలాశయాన్ని వెనక్కి నెట్టవచ్చు. అవసరమైతే కణితిలోకే సన్నని సూదులు దింపి, మోతాదును అటు లాగవచ్చు. అంచనా, దిద్దుబాటు ఒకే గదిలో, ఒకే పూట జరిగిపోతాయి. వైద్యంలో ఇలాంటి అదృష్టం అరుదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పక్క అవయవాలను కాపాడబోయి కణితికి తక్కువ ఇస్తే జబ్బు తిరగబెట్టదా? ముందు ప్రాణం దక్కనివ్వండి, మూత్రం సంగతి తర్వాత చూద్దాం అనే డాక్టర్లున్నారు, వాళ్ల భయం న్యాయమైనదే. దీనికి జవాబు అంకెల్లోనే వెతకాలి. ఎంబ్రేస్‌లో అయిదేళ్ల నాటికి గర్భాశయం దగ్గర జబ్బు అదుపులో ఉన్నవాళ్లు 92 శాతం. ఫ్రాన్సులో పాత ఎక్స్‌రే పద్ధతినీ, స్కాన్ ఆధారిత పద్ధతినీ పోల్చి చూశారు. కీమోతో కూడిన రేడియేషన్, ఆ తర్వాత బ్రాకీథెరపీ తీసుకున్నవాళ్లలో రెండేళ్లకు తీవ్రమైన దుష్ప్రభావాలు పాత పద్ధతిలో 22.7 శాతం మందికి, కొత్త పద్ధతిలో 2.6 శాతం మందికి కనిపించాయి. జబ్బు అదుపు కొత్త పద్ధతిలో తగ్గలేదు సరికదా, కాస్త మెరుగ్గానే ఉంది. ఇది చీటీలు తీసి రోగులను రెండు జట్లుగా విభజించిన పరీక్ష కాదు, కాబట్టి ఆ తేడా అంతా స్కాన్ పుణ్యమేనని ఒట్టేసి చెప్పలేం. కానీ వాదం ఎటు మొగ్గుతోందో తెలుస్తూనే ఉంది. కణితి కనిపించనప్పుడు అందరికీ ఒకే కొలత పాంటు కుట్టినట్టు ఇచ్చేవారు, చిన్న కణితికి ఎక్కువయ్యేది, పెద్దదానికి చాలేది కాదు. కణితి కళ్లెదుట కనిపిస్తుంటే దానికి పెంచడం, పక్కవాటికి తగ్గించడం రెండూ ఒక్క చేత్తో జరుగుతాయి. వాటి మధ్య పోటీ మనం అనుకున్నంత లేదు.

పేగుల విషయంలో మనదేశపు సాక్ష్యమే గట్టిది. గర్భసంచి తీసేసిన తర్వాత రేడియేషన్ అవసరమైన 300 మందిని టాటా మెమోరియల్ వైద్యులు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు త్రీడీ రేడియేషన్. రెండో జట్టుకు రోజూ స్కాన్ చూసుకుంటూ, పేగులను తప్పించేలా కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి. మూడేళ్లకు, మందులో వైద్యమో అవసరమయ్యే స్థాయి పేగు బాధలు మొదటి జట్టులో 42.4 శాతం, రెండో జట్టులో 21.1 శాతం. సగానికి సగం. జబ్బు అదుపులో తేడా లేదు. ఈ పరీక్ష జరిగింది ఆపరేషన్ అయినవాళ్ల మీద. గర్భసంచి తీసేశాక ఆ ఖాళీలోకి పేగులు జారి రేడియేషన్ దారిలోకి వస్తాయి, అందువల్ల వాళ్లకు లాభం ఎక్కువగా కనిపించి ఉండవచ్చు. అయినా సూత్రం అందరికీ వర్తిస్తుంది. కడుపులో పేగులుండే ప్రాంతంలో 45 గ్రేలు అందే భాగం 195 సీసీలు దాటకూడదన్నది డాక్టర్లు వాడే ఒక హద్దు, ఆ హద్దు దాటుతోందో లేదో ప్లానింగ్ సీటీలోనే తేలిపోతుంది. సిట్టింగుకు ముందు నీళ్లు తాగి మూత్రం ఆపుకోమని టెక్నీషియన్ పోరేది కూడా ఇందుకే. నిండిన మూత్రాశయం చిన్నపేగును పైకి తోస్తుంది. చాలామంది దాన్ని ఉత్త చాదస్తం అనుకుంటారు, ఎందుకో ఎవరైనా ఒక్క నిమిషం చెబితే ఆపుకునేవాళ్లే.

మూలుగ సంగతి ఇంకా ఆసక్తికరం. పెద్దవాళ్లలో రక్తం తయారుచేసే ఎముక మూలుగలో ఇంచుమించు సగం నడుము వెన్నుపూసల్లో, కటి ఎముకల్లో ఉంటుంది. సరిగ్గా మనం రేడియేషన్ ఇచ్చేచోట. పైన సిస్‌ప్లాటిన్ కూడా పడేసరికి తెల్లకణాలు పడిపోతాయి, ఆ వారం కీమో వాయిదా పడుతుంది. ఆ వాయిదా చిన్న విషయం కాదు. కటి గోడదాకా పాకిన జబ్బుతో ఉన్న 850 మంది మీద టాటా మెమోరియల్‌లోనే జరిగిన పరీక్షలో, రేడియేషన్‌కు సిస్‌ప్లాటిన్ జతచేసినవాళ్లలో అయిదేళ్లు బతికినవాళ్లు 54 శాతం, జతచేయనివాళ్లలో 46 శాతం. కాబట్టి మూలుగను కాపాడడమంటే కీమోను సజావుగా సాగనివ్వడం కూడా. ఎముకలన్నిటినీ తప్పించి రేడియేషన్ ఇవ్వడం కుదరదు. అయితే మూలుగంతా ఒకేలా పనిచేయదు, కొన్నిచోట్ల చురుగ్గా ఉంటుంది, కొన్నిచోట్ల కొవ్వుపట్టి ఊరుకుంటుంది. పెట్ స్కాన్‌లో చురుకైన చోట్లు మెరుస్తాయి. ఆ మెరిసే భాగాలను మాత్రమే తప్పించేలా ప్లాను వేస్తే ఏమవుతుందో 83 మందితో జరిగిన ఒక అంతర్జాతీయ పరీక్షలో చూశారు. అలా ప్లాను వేసిన 35 మందిలో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయినవాళ్లు 8.6 శాతం, మిగతా 48 మందిలో 27.1 శాతం. జట్లు చిన్నవి. పెట్ స్కాన్ అందరికీ అందేదీ కాదు. దీన్ని ఇప్పుడే ప్రతి జిల్లాకూ తేవాలని నేను అనను, కానీ ఒక చిత్రం రాబోయే నెల రక్తపరీక్షను ముందే చెప్పగలదనడానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు. కటి ఎముకలకు ఆ తర్వాత వచ్చే సన్నని పగుళ్ల గురించి కూడా ఇలాంటి పనే జరుగుతోంది. ఎముక సాంద్రత ప్లానింగ్ సీటీలో ఎలాగూ కనిపిస్తుంది, చూసేవాళ్లు కావాలంతే.

ఇక కంప్యూటర్ జోస్యం. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, బయటి, లోపలి రేడియేషన్ రెండూ తీసుకున్న 42 మంది స్త్రీల వివరాలు వాడారు. వారిలో 12 మందికి మలాశయం దెబ్బతింది. పరిశోధకులు చేసిన పని ముచ్చటగా ఉంటుంది. మలాశయం గొట్టాన్ని నిలువునా కోసి చాపలా పరిచినట్టు ఊహించి, ఆ చాప మీద ఎక్కడ ఎంత మోతాదు పడిందో రంగుల పటంగా గీశారు. ఆ పటాలను, లోకంలోని మామూలు వస్తువుల ఫోటోలు లక్షల్లో చూసి నేర్చుకున్న ఒక నెట్‌వర్క్‌కు చూపించి, ఏ రంగుల అమరిక దెబ్బకు దారితీస్తుందో పట్టుకోమన్నారు. అది చెప్పుకోదగ్గంతగా పట్టుకుంది. రెండు సీసీల అంకె ఎంత మోతాదో చెబుతుంది, ఆ మోతాదు చాప మీద ఒకేచోట గుట్టగా పడిందా, పొడుగ్గా పరుచుకుందా చెప్పదు. పటం అది కూడా చెబుతుంది. ఈ ఆలోచన నాకు నచ్చింది. ఆ 42 అనే అంకె మాత్రం నచ్చలేదు. 42 మందిలో 30 మందికి ఏమీ కాలేదు కాబట్టి, కళ్లు మూసుకుని 'ఎవరికీ ఏమీ కాదు' అని చెప్పే సోమరి యంత్రం కూడా 71 శాతం సార్లు సరిగ్గా చెప్పినట్టే లెక్క. ఇలాంటి యంత్రాలకు చిన్న చిన్న సంఖ్యలతో పాఠం చెబితే, జబ్బు లక్షణాలకు బదులు ఆ ఆసుపత్రి స్కానర్ లక్షణాలనే బట్టీ పట్టేస్తాయి. వేరే ఊళ్లో, వేరే కంపెనీ యంత్రం తీసిన చిత్రం ముందుపెడితే తడబడతాయి.

యంత్రం బాగా పనిచేసినా ఇంకో చిక్కుంది. లెక్క కోసం వెయ్యి మందిని తీసుకుందాం. ఎంబ్రేస్ ప్రకారం వాళ్లలో తీవ్రమైన పేగు సమస్య వచ్చేది 85 మందికి. బాధ రాబోయేవాళ్లలో 80 శాతాన్ని, రానివాళ్లలో 80 శాతాన్ని సరిగ్గా గుర్తించే యంత్రం మన దగ్గరుందనుకుందాం, అది మంచి యంత్రమే. అది 85 మందిలో 68 మందిని పట్టుకుంటుంది, 17 మందిని వదిలేస్తుంది. ఏమీ రాని 915 మందిలో 183 మందికి కూడా 'మీకు ముప్పుంది' అని చెబుతుంది. అంటే హెచ్చరిక అందుకున్న 251 మందిలో నిజంగా బాధపడేది నలుగురిలో ఒకరు. ఇది విని 'అయితే ఈ అంచనాలన్నీ దండగ' అనేవాళ్లుంటారు. నేననేది వేరు. హెచ్చరిక విన్నాక మనం చేసే పని రోగికి హాని చేయనిదైతే, అంటే గొట్టం అమరిక ఇంకోసారి చూడడం, మోతాదు పంపకం దిద్దడం, రెండేళ్లపాటు మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమనడం లాంటివైతే, ఆ 183 మందికి పోయేదేమీ లేదు. హెచ్చరిక చూసి కణితికి ఇవ్వాల్సిన మోతాదే కోసేస్తే మాత్రం వాళ్లకు జబ్బు తిరగబెట్టే ముప్పు తెచ్చిపెట్టినట్టే. ఒకే యంత్రం మొదటి పనికి వాడితే మేలు, రెండో పనికి వాడితే కీడు. అందుకే యంత్రం ఎంత కచ్చితమైనదో అడిగేముందు, అది చెప్పిన మాటతో ఏం చేయబోతున్నారో అడగాలి.

దుష్ప్రభావాల సంగతి ముందే చెబితే ఆడవాళ్లు భయపడి మధ్యలో చికిత్స మానేస్తారన్నది మరో ఆక్షేపణ. మానేసేవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామంది మానేసేది చెప్పనందువల్ల. విరేచనాలు మొదలుకాగానే కరెంటు వికటించిందని, కడుపు కాలిపోయిందని అనుకుని ఊరెళ్లిపోతారు. మూడో వారంలో ఇలా అవుతుంది, ఈ మాత్ర వేసుకో, పది రోజుల్లో తగ్గుతుంది అని ముందే విన్న మనిషి అలా వెళ్లదు. ఇంకో సంగతి ఎవరూ పెదవి విప్పనిది. రేడియేషన్ వల్ల యోని బిగుసుకుపోయి, పొట్టిదై, దాంపత్యం నరకమవుతుంది, డాక్టరు అంతర్గత పరీక్ష చేయడం కూడా కష్టమవుతుంది. ఇది కూడా కొలతకు అందేదే. మలాశయానికీ యోనికీ మధ్య నిర్ణయించిన ఒక బిందువు దగ్గర మోతాదు 65 గ్రేలుంటే రెండేళ్లలో ఇలా బిగుసుకునే అవకాశం 20 శాతం, 75 ఉంటే 27, 85 ఉంటే 34 శాతమని ఎంబ్రేస్ వివరాల నుంచి లెక్కగట్టారు. యాభై దాటిన ఆడదానికి అదెందుకులే అని ఆ అంకెను చూడకుండా వదిలేసే అధికారం ఎవరికీ లేదు. ఆమెను అడగాలి. అడిగేందుకు మహిళా డాక్టరో నర్సో, తలుపున్న గదో కావాలి, దీనికి స్కానర్ అక్కర్లేదు.

అన్నిటికన్నా గట్టిగా వినబడే మాట, 'ఇవన్నీ వియన్నాలో, ముంబయిలో కుదురుతాయి, మన దగ్గర ఎంఆర్ఐకే వారాల వరస' అన్నది. నిజమే. ప్రతి బ్రాకీథెరపీకీ ఎంఆర్ఐ తీయాలంటే మనలాంటి చోట జరగని పని. కానీ ఈ చిక్కుకు పరిష్కారం వెతికినవాళ్లలో మనవాళ్లే ముందున్నారు. ఎంఆర్ఐ లేకుండా సీటీ మీదే గీతలు ఎలా గీయాలో చెప్పే అంతర్జాతీయ సిఫారసులు 2021లో వచ్చాయి. వాటిని రూపొందించడంలో యూరప్, అమెరికా సంఘాలతోపాటు భారత బ్రాకీథెరపీ సొసైటీ భాగస్వామి. ముందుండి నడిపినది విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి సారథ్యం వహించిన డాక్టర్ ఉమేశ్ మహంత్‌శెట్టి. సీటీలో కణితి అంచు ఎంఆర్ఐలో ఉన్నంత స్పష్టంగా ఉండదు. మూత్రాశయం, మలాశయం మాత్రం తేటగా కనిపిస్తాయి, దుష్ప్రభావాల అంచనాకు కావలసింది అవే. అల్ట్రాసౌండ్‌తోనూ గొట్టం ఎక్కడుందో, కణితి ఎంతుందో చూడవచ్చు. రేడియేషన్ విభాగం ఉన్న ఆసుపత్రిలో బయటి చికిత్స ప్లానుకు సీటీ ఎలాగూ కావాలి. బ్రాకీథెరపీ రోజున ఆ స్కానర్‌ను అరగంట వాడుకోవడానికి అడ్డు డబ్బు కన్నా ఎక్కువగా అలవాటు, రద్దీ, గీతలు గీయడానికి డాక్టరుకు దొరకని తీరిక. గీతలు గీసే ఈ చాకిరీని ఇప్పుడు కంప్యూటర్లు బాగానే పంచుకుంటున్నాయి. కృత్రిమ మేధను ముందు ఈ పనిలో పెట్టాలి, జోస్యం చెప్పించడం తర్వాత చూసుకోవచ్చు. టీకా, స్క్రీనింగు ఉండగా ఈ ఖర్చెందుకని అడిగేవాళ్లకు ఒకటే జవాబు. ఆడపిల్లలకు ఇవాళ వేసిన హెచ్‌పీవీ టీకా ఫలం పూర్తిగా అందడానికి ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది. వచ్చే సోమవారం ఓపీలో కూర్చోబోయే ఆమెకు అది పనికిరాదు.

చిత్రం చెప్పలేనివీ ఉన్నాయి. మధుమేహం, పొగాకు, పాత ఆపరేషన్ల అతుకులు ఒకే మోతాదును ఒకరికి తేలిక, ఇంకొకరికి బరువు చేస్తాయి. స్కాన్ తీసినప్పటికీ చికిత్స ఇచ్చేటప్పటికీ మధ్య రోగిని మంచం మార్చేటప్పుడు గొట్టం ఓ రెండు మిల్లీమీటర్లు జరగవచ్చు, మలాశయంలో గాలి చేరవచ్చు. నాలుగుసార్లు బ్రాకీథెరపీ చేస్తే నాలుగుసార్లూ ఆ రెండు సీసీలు ఒకేచోట ఉన్నాయనుకుని కూడుతున్నారు, నిజంగా ఉండకపోవచ్చు. అందుకే ఆ అంకెను బ్రహ్మరాతలా కాక ముప్పు ఎటు మొగ్గుతోందో చెప్పే త్రాసులా చూడాలి. అలా చూసినా, అంకె రాసి లేని కేసు షీటు కన్నా రాసి ఉన్నది వెయ్యి రెట్లు నయం.

ఈ చికిత్స చేయించుకుంటున్నవాళ్లకూ, వాళ్ల వెంట ఉండే పిల్లలకూ ఒక మాట. డిశ్చార్జి అయ్యే రోజున మూత్రాశయానికి, మలాశయానికి అందిన రెండు సీసీల మోతాదు ఎంతో కాగితం మీద రాసిమ్మని అడగండి. స్కాన్ ఆధారంగా చేసినచోట ఆ అంకెలు కంప్యూటర్లో ఉంటాయి, ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ కాగితాన్ని ఆధార్, రేషన్ కార్డులు పెట్టుకునే కవర్లోనే దాచండి. రెండేళ్ల తర్వాత మలంలో రక్తం కనిపిస్తే దగ్గర్లోని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, మూలశంక అనుకునే లోపే, ముందు ఆ కాగితం చూపించండి. రేడియేషన్ తగిలిన మలాశయం ముందు గోడ నుంచి పరీక్ష కోసం ముక్క తీస్తే ఆ గాయం మానక, అక్కడే ఫిస్టులా పడే ప్రమాదం ఉంది.